గోడకు జానెడు దూరంలో

సంతలో కుండ కొనే ఇల్లాలు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో మోగించి చూస్తుంది. ఆయన గోడను అలాగే చూశాడు. సుత్తి తిరగేసి పట్టుకుని, చెక్క పిడితో అడుగడుగునా కొట్టుకుంటూ, తల పక్కకు వంచి వింటూ పోయాడు. ఒకచోట ‘టక్కు’మంది. రెండడుగుల అవతల ‘బొక్కు’మంది. అక్కడ సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెట్టి, "ఇక్కడ గచ్చు వదిలేసింది బాబూ, ఇటిక లేదు" అన్నాడు.

బచేలిలో మా అక్కావాళ్ళ క్వార్టరు వెనక గోడ అది. సెప్టెంబరు ఆఖరు, దసరాకు ముందు రోజులు. ఏసీ ఔట్‌డోర్ యూనిట్‌ను ఊడదీసి మళ్ళీ బిగించడానికి వచ్చాడాయన. అంతకు రెండేళ్ళ ముందు దాన్ని అమ్మిన షాపువాళ్ళే మనిషిని పంపి గంటలో బిగించి వెళ్ళారట. స్టాండుకు నాలుగు బోల్టులుండాల్సిన చోట మూడే ఉన్నాయి. ఆ మూడింటిలో ఒకటి వేళ్ళతో తిప్పితే తిరిగింది. ఆ షాపు పేరు ఇక్కడ అనవసరం. అలాంటి బిగింపులు ఏ ఊళ్ళోనైనా వీధికి నాలుగు దొరుకుతాయి.

ఆయనది విజయనగరం వైపు పల్లె. కొన్నేళ్ళు విశాఖపట్నంలో పనిచేసి కొత్తవలస-కిరందుల్ (కేకే) లైను రైలెక్కి ఇటు వచ్చేశాడు. వయసు యాభై దాటి ఉంటుంది. "పేరెందుకండీ, పని చూడండి" అన్నాడు గనక పని గురించే రాస్తున్నాను. వెంట ఒక గుంటడు ఉన్నాడు. చుట్టుపక్కల పల్లెవాడే. ఇంట్లో హల్బీ, వీధిలో హిందీ, ఈయనతో విజయనగరం యాస కలిసిన తెలుగు మాట్లాడతాడు. ఈయన్ని ఉస్తాద్ అంటాడు.

బచేలి చూడనివాళ్ళ కోసం నాలుగు మాటలు. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో బైలాడిలా కొండల కింద ఉంటుందీ ఊరు. బైలాడిలా అంటే ఎద్దు మూపురం. దూరంనుంచి చూస్తే ఆ కొండల వరుస అలాగే కనిపిస్తుంది. మూపురం నిండా ఇనుప రాయి. 1958లో పుట్టిన గనుల సంస్థ ఎన్ఎండీసీ, కిరందుల్ వైపు పద్నాలుగో నంబరు నిక్షేపంలో 1968లోనూ, బచేలి వైపు అయిదో నంబరులో 1977లోనూ తవ్వకం మొదలుపెట్టింది. ఆ సంస్థ పెద్దాఫీసు హైదరాబాదులో ఉంది. తవ్విన రాయి విశాఖ రేవుకు దిగుతుంది. దాంతో ఉద్యోగానికీ, వ్యాపారానికీ, రైలు పనికీ తెలుగువాళ్ళు ఇక్కడ రెండు మూడు తరాలుగా స్థిరపడ్డారు. కొత్తవలసలో బయల్దేరే కిరందుల్ లైనులో, ఆఖరి స్టేషనుకు ముందుదే బచేలి.

రాయి దిగే దారిలోనే తుఫాను ఎక్కి వస్తుంది. బంగాళాఖాతంలో పుట్టిన గాలివాన కళింగాంధ్ర తీరం దాటి, తూర్పు కనుమలెక్కి, కోరాపుట్ మీదుగా బస్తరు చేరేసరికి గాలి పట్టు సడలుతుంది, వాన మాత్రం మిగులుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను పట్టి కుదిపినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. సరిగ్గా ఏడాది ముందు అదే తేదీన ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ నీరసపడుతూ ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరానికి పోయి, రెండు రోజులకు నేపాల్ కొండల్లో మంచై కురిసి ప్రాణాలు తీసింది. తల మీద కిరీటంలా ఈకలుండే పిట్ట పేరది. ఒమాన్ దేశం పెట్టింది.

హుద్‌హుద్ కొట్టిన రోజున మన ఉస్తాద్ విశాఖలోనే ఉన్నాడు. విమానాశ్రయం పైకప్పే నిలవలేదు, ఇక మేడల మీది ఏసీలెంత? తర్వాత వారాల తరబడి ఆయనకు చేతినిండా పని. "ఊడిపోయిన యూనిట్లు చూసి నేర్చుకున్నంత, బిగించి నేర్చుకోలేదండి" అన్నాడు. ఏ స్టాండు ఎక్కడ తెగింది, ఏ బోల్టు గోడలోంచి ఇటిక ముక్కతో సహా వచ్చేసింది, ఏది చెక్కుచెదరకుండా నిలబడింది అని ప్రతి మేడ దగ్గరా ఆగి చూసేవాడట. ఇంజనీర్లు కూలిన వంతెనను చదివినట్టు ఈయన పడిపోయిన ఔట్‌డోర్లను చదివాడు.

గాలి బలం వేగానికి సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపయితే నెట్టుడు నాలుగింతలు. గంటకు 180 కిలోమీటర్లంటే సెకనుకు 50 మీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల బరువు ఆనించినంత ఒత్తిడి పడుతుంది. మామూలు ఔట్‌డోర్ యూనిట్ ముఖం ఎనభై సెంటీమీటర్ల వెడల్పు, యాభై అయిదు ఎత్తు ఉంటుందనుకుంటే, దాన్ని అడ్డంగా తోసే బలం 65 కిలోల పైమాటే. యూనిట్ బరువేమో ముప్పై కిలోలు అటూ ఇటూ. అంటే బరువు మోయడానికి వేసిన స్టాండు, తుఫానులో దానికి రెండింతల బలాన్ని తట్టుకోవాలి. అదీ కిందికి లాగే బలం కాదు, పక్కకు తోసే బలం. ఆగి ఆగి, ఊపి ఊపి తోస్తుంది. భవనాల మీద గాలి లెక్క చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకు సెకనుకు 50 మీటర్లు, రాయ్‌పూర్‌కు 39 మీటర్లు అని ఉంటుంది. బస్తరుకు తీరమంత గాలి రాదన్నమాట. అయినా ఆయన బచేలిలోనూ విశాఖకు బిగించినట్టే బిగిస్తాడు. ఎందుకని అడిగితే, "చెయ్యికి ఒకటే అలవాటు ఉండాలండి" అన్నాడు.

గోడ వినడం అయ్యాక కన్నాల వంతు. డ్రిల్లింగ్ మిషన్‌ను సుత్తి దెబ్బ మోడ్‌లో కాకుండా మామూలుగా తిప్పి, నెమ్మదిగా దింపాడు. పాత ఇటుక గోడకు సుత్తి దెబ్బ తగిలితే లోపల పగులు పాకుతుందట. బయటికొచ్చే పొడిని గుంటడు అరచేతిలో పట్టి చూపించాడు. మొదట బూడిద రంగు వచ్చింది, అది గచ్చు. తర్వాత ఎర్రపొడి రావడం మొదలైంది. ఎరుపు వస్తూనే ఉంటే ఇటుక మధ్యలో ఉన్నట్టు. మళ్ళీ బూడిద రంగు వచ్చిందంటే ఇటుకల సందులోకి పోయినట్టు, ఆ కన్నం వదిలెయ్యాలి. గచ్చు మందాన్ని లెక్కలోకి రానివ్వడు. అంగుళం గచ్చు, నాలుగంగుళాల బోల్టు అయితే బోల్టు మూడంగుళాలే అంటాడు.

కాంక్రీటు దూలమైతే యాంకర్ బోల్టు చాలు. బిగించేకొద్దీ అది లోపల విచ్చుకుని పట్టుకుంటుంది. కానీ పాత ఇటుకలో ఆ విచ్చుకోవడమే ప్రమాదం, ఇటుకను లోపలినుంచి చీలుస్తుంది. అందుకని పైరెండు కన్నాలకూ ఆయన యాంకర్లు వాడలేదు. గోడ ఈ వైపునుంచి ఆ వైపుకు దూసుకుపోయే పొడవు బోల్టులు తెచ్చాడు. స్టోర్‌రూమ్ లోపలి వైపు అరచెయ్యంత ఇనప పలక పెట్టి, దాని మీద నట్టు బిగించాడు. అప్పుడు గాలి లాగేది బోల్టును కాదు, ఆ పలక వెనకున్న గోడ మొత్తాన్ని. అక్క కాస్త మొహం చిట్లించింది, గదిలో నట్లు కనబడతాయని. "అమ్మగారూ, అక్కడ బియ్యం డబ్బా పెట్టుకోండి, కనబడదు" అన్నాడు. డబ్బా అక్కడికే చేరింది.

పైరెండే ఎందుకంటే, యూనిట్ ముందుకు వాలినప్పుడు స్టాండు పైకొసలు గోడనుంచి ఊడివద్దామని చూస్తాయి, కిందికొసలు గోడలోకి నొక్కుకుంటాయి. ఊడే చోటే పట్టు కావాలి. కింది వాటికి మామూలు బోల్టులు వేసి ఊరుకున్నాడు. ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలిసినవాడికే ఎక్కడ మిగల్చాలో కూడా తెలుస్తుంది. ఆ చిన్న పొదుపు నాకు మిగతా పనంతటికన్నా ఎక్కువ నచ్చింది.

యూనిట్‌ను గోడకు ఆనించలేదు. వెనక జానెడు ఖాళీ వదిలాడు. చేత్తోనే కొలిచాడు, బొటనవేలు గోడకు ఆనించి చిటికెనవేలు యూనిట్‌కు తగిలేలా. ఖాళీ లేకపోతే వెనకనుంచి గాలి పీల్చుకోలేక కాయిల్ ఉడికిపోతుందని ఎవరైనా చెబుతారు. ఆయన ఇంకోటి చెప్పాడు. తుఫాను గాలి గోడను కొట్టి పక్కకు జారిపోతుందట, దానికి అక్కడ దారి దొరకాలట. గోడకు అంటుకున్న పెట్టె వెనక సందులో గాలి ఇరుక్కుంటే లోపలినుంచి తోస్తుంది. "దారి ఇచ్చేయండి, ఎలిపోద్ది" అన్నాడు. పని సాగిన ఆ మూడు రోజుల్లో ఈ మాట కనీసం పదిసార్లు విన్నాను. గాలి గురించీ అదే, నీటి గురించీ అదే, పిడుగు గురించీ అదే. ఆయన పనితనమంతా ఏది ఎటు వెళ్ళిపోవాలో ముందే ఆలోచించి దారి చూపడంలో ఉంది. కొత్త మెకానిక్కులు అన్నిటినీ మూసి కాపాడాలనుకుంటారు. ఈయన ఎంత మూస్తాడో అంత తెరుస్తాడు.

నీటి సంగతికి వస్తాను. గోడలోంచి పైపులు బయటికి వచ్చే కన్నాన్ని ఆయన బయటి వైపుకు వాలుగా వేశాడు. వేలెడంత వాలు. లోపలికి వాలితే అడ్డంగా కొట్టే వాన అంతా సోఫా వెనక్కి చేరుతుంది. కన్నం చుట్టూ మెత్తని పుట్టీ కూరి, అడుగున మాత్రం చిన్న సందు వదిలాడు. ఎలాగైనా చొరబడే చుక్కకు బయటికి పోయే వాకిలి అది.

కరెంటు వైరును తిన్నగా పెట్టెలోకి పంపలేదు. పెట్టె నోటికన్నా కిందికి దింపి, ఉయ్యాల తాడులా వంపు తిప్పి, అప్పుడు పైకి తీసుకెళ్ళి లోపలికి పెట్టాడు. వైరు పట్టుకుని జారివచ్చే వాన నీరు ఆ వంపు అడుగుకు వచ్చి, అక్కడినుంచి పైకెక్కలేక చుక్కగా నేల మీద రాలుతుంది. వంపు లేకపోతే అదే చుక్క నేరుగా కరెంటు తీగలు బిగించిన చోటికి పోయి కూర్చుంటుంది. పైసా ఖర్చు లేదు. ఒక జానెడు వైరు ఎక్కువ, అంతే. ఆ జానెడు మిగల్చడానికి వైరును వీణ తీగలా లాగి కట్టినవాళ్ళను ఎంతమందిని చూశానో.

రాగి పైపుల దగ్గర ఆయన మాట తగ్గిపోతుంది. కట్టరుతో పైపు కోశాక, కోసిన నోటిని కిందికి పట్టుకునే లోపలి అంచు గీకాడు. పైకి పట్టి గీకితే రాగి పొట్టు లోపలికి రాలుతుంది, ఏడాదికో రెండేళ్ళకో అదే పోయి కంప్రెసర్‌ను కొరుకుతుంది. కిందికి పట్టుకుంటే పొట్టు నేలరాలుతుంది. తర్వాత నట్టు తొడిగి, పైపు నోటిని గరాటులా విప్పాడు. ఈ నట్టు ముందు తొడగడం అనేది వినడానికి నవ్వులాటలా ఉంటుంది గానీ, గరాటు విప్పేశాక నట్టు బల్ల మీదే ఉండిపోయిందని గుర్తొచ్చి తల పట్టుకోని మెకానిక్ ఉండడట. గరాటు అంచును గోటితో చుట్టూ తడిమి చూశాడు. ఎక్కడో గీత తగిలింది. నాకు కంటికి కనబడలేదు. కోసి పారేసి, మళ్ళీ మొదలు.

బిగించేటప్పుడు రెండు పానాలు. ఒకటి కదలకుండా పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. మొదట వేళ్ళతో తిరిగినంత తిప్పి, ఆ తర్వాతే పానా పెట్టాడు. గుంటడు బలమంతా పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. రాగి మెత్తనిది, మితిమీరి బిగిస్తే గరాటు పల్చబడి, గాలికి యూనిట్ అదిరినప్పుడల్లా అక్కడే చిట్లుతుంది. అదురు పైపు దాకా రాకుండా, యూనిట్ దగ్గర పైపును ఒక చుట్టు వదులుగా తిప్పి వదిలాడు. కాళ్ళ కింద రబ్బరు బిళ్ళలు, నట్టు కింద స్ప్రింగు వాషరు, నట్టు మీద ఇంకో నట్టు. ఒక నట్టు వదులైతే రెండోది పట్టుకునేందుకు.

ఆపైన నైట్రోజన్ నింపి, మీటరు ముల్లు దగ్గర చిన్న గీత గీసి, భోజనానికి వెళ్ళిపోయాడు. గంటన్నర తర్వాత వచ్చి చూస్తే ముల్లు గీత మీదే ఉంది. అప్పుడు వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలినీ తేమనూ లాగేశాడు. చాలామంది ఇక్కడ గ్యాసునే కాస్త వదిలి గాలిని తోసేస్తారు, అయిదు నిమిషాల పని. కొత్త యూనిట్లలో ఉండే ఆర్-32 గ్యాసు కాస్త మండే గుణమున్నది. అలా ఊరికే వదిలేది కాదు. పైగా పైపులో తేమ మిగిలితే లోపలి నూనెను పాడుచేస్తుంది. వానాకాలం బచేలి గాలిలో తేమకేం కొదవ? మబ్బు కొండ మీది ఆకాశ్‌నగర్‌ను ముంచి, సాయంత్రానికి కింద టౌన్‌షిప్ దాకా దిగివస్తుంది.

పాత యూనిట్‌ను కడగడం చూడవలసిన దృశ్యం. విశాఖలో ఏసీలను తినేది ఉప్పు గాలి. రాగి గొట్టం, అల్యూమినియం రేకులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నచోట ఉప్పు తడి చేరితే అల్యూమినియం ముందు పోతుంది, చేత్తో నలిపితే పిండి రాలుతుంది. బచేలిలో ఉప్పు లేదు, ఎర్రధూళి ఉంది. వేసవంతా రేకుల సందుల్లో పేరుకుని, తొలివానకు ముద్దై, ఎండకు పిడచకట్టి, మళ్ళీ తడిసి, అక్కడే తేమను పట్టి ఉంచుతుంది. ఆయన పైమూత తీసి, లోపలినుంచి బయటికి నీళ్ళు పెట్టాడు. గాలి ధూళిని ఏ వైపునుంచి తెచ్చి కూరిందో, ఆ వైపుకే తిరిగి పంపాలి. బయటినుంచి కొడితే ఇంకా లోపలికి కూరుకుపోతుంది. పైపు నోరు వేలితో మూసి జోరుగా కొట్టడం ఆయన ఒప్పుకోడు, రేకులు వంగిపోతాయి. నీళ్ళు మొదట జాజు కలిపినట్టు ఎర్రగా దిగాయి. అరగంటకు తేటబడ్డాయి. వంగిన రేకుల్ని సన్న పళ్ళ దువ్వెనతో వరుసగా దువ్వాడు. ఆ దువ్వెన దానికోసమే చేసింది, అయినా చూస్తుంటే ఏ అమ్మమ్మో మనవరాలి తల దువ్వుతున్నట్టే ఉంది.

ఔట్‌డోర్ మీద చిన్న రేకు గొడుగు వేయించమని బావ అడిగాడు. పక్క క్వార్టర్లలో అందరికీ ఉంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. పైనుంచి పడే వానకు ఆ పెట్టె పుట్టుకతోనే సిద్ధం. గొడుగు అక్కర్లేదు. తుఫానులో మాత్రం ఆ రేకు రెక్కవుతుంది, పెట్టెను కూడా లేపుకుపోవాలని చూస్తుంది. ఊడిందంటే కత్తి. హుద్‌హుద్‌లో గాలి కన్నా గాలి మోసుకొచ్చిన రేకులూ బోర్డులే ఎక్కువ యూనిట్లను కోశాయంటాడు. ప్లాస్టిక్ పట్టా చుట్టి నెలలపాటు ఉంచడమూ ఆయనకు గిట్టదు. లోపల చెమట పట్టి, ఎలుకలు కాపురం పెట్టి, వైర్లు కొరుకుతాయి. గట్టి హెచ్చరిక ఉన్న రాత్రి మాత్రం, కరెంటు తీసేశాక, ఫ్యాను ముఖానికి ఒక ప్లైవుడ్ చెక్క అడ్డంపెట్టి తాడుతో కట్టి, తెల్లారి విప్పేయాలి. చెక్క విప్పడం మరిచి ఏసీ వేసి కంప్రెసర్ కాల్చుకున్న ఇళ్ళు రెండు ఆయన లెక్కలో ఉన్నాయి.

డాబా మీద కూలరు ఇనుప స్టాండు, విరిగిన పూలకుండీలు, ఒక పాత తలుపు ఉంటే అన్నీ కిందికి దింపించాడు. కిటికీ కూలరును కూడా. ఛత్తీస్‌గఢ్‌లో ఏసీ ఉన్న ఇంట్లోనూ కూలరు ఉంటుంది, ఏప్రిల్ మే నెలల పొడి ఎండకు దాన్ని మించింది లేదని ఇక్కడివాళ్ళ నమ్మకం, నా అనుభవం కూడా. వాన మొదలయ్యాక దాని అవసరం తీరిపోతుంది, కానీ బద్ధకంకొద్దీ కిటికీకే వేలాడుతుంటుంది. మూడు పక్కలా గడ్డి పలకలతో తెరచాపలా నిలబడే వస్తువది. ఉస్తాద్ నీళ్ళు ఒంపేసి, గడ్డి పీకి పారేసి, పంపును ఎండబెట్టి విడిగా కాగితంలో చుట్టి, మోటారు ఇరుసుకు రెండు చుక్కల నూనె వేసి అటకెక్కించాడు. ఇరవై నిమిషాలు పట్టలేదు.

పిడుగుల దగ్గరకు వచ్చేసరికి ఆయన గొంతు మారింది. బస్తరులో ఎండాకాలపు సాయంత్రం గాలివాన నుంచి అక్టోబరు తుఫాను దాకా ఉరుము లేని నెల తక్కువ. ఎర్తు గుంత ఎక్కడుందని అడిగాడు. ఎవరికీ తెలీదు. వెతికితే జామచెట్టు కింద, రాలిన ఆకుల అడుగున దొరికింది. బొగ్గు, ఉప్పు పొరలు వేసి, మధ్య ఇనప గొట్టం దింపి పూడ్చిన పాతకాలపు గుంత. ఇక్కడి గులకరాళ్ళ ఎర్రనేల కరెంటును త్వరగా తాగదు. తడి ఉండాలి. వేసవిలో వారానికో బక్కెట నీళ్ళు పొయ్యమని అక్కకు చెప్పాడు. ఉప్పు గొట్టాన్నే తినేస్తుంది కాబట్టి, పైన తీగ బిగించిన చోట గీకి చూశాడు. తుప్పు పొర కింద ఇనుము ఇంకా మిగిలే ఉంది. గీకి, కొత్త నట్టు వేసి, గ్రీజు పూశాడు.

అయితే నేరుగా పడే పిడుగుకు ఎర్తూ చాలదు, స్టెబిలైజరూ చాలదు. ఎమ్‌సీబీ దించితే సరిపోతుందనుకుంటారు. చాలా ఇళ్ళలో అది ఫేజును మాత్రమే కోస్తుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. లోపల ఎడం కూడా వేలెడంత ఉండదు, పిడుగు కెరటం దాన్ని దూకేస్తుంది. ప్లగ్గు పీకి, బెత్తెడు దూరంగా పెట్టమన్నాడు. పీకే వీలు లేకుండా తిన్నగా బిగించిన ఏసీలకు రెండు తీగలూ కోసే స్విచ్చి వేయిస్తాడు.

పిడుగు కన్నా ఎక్కువ సామాన్లు చంపేది మరొకటి ఉంది. చెట్టుకొమ్మ పడి స్తంభం మీద న్యూట్రల్ తీగ ఒక్కటే తెగితే, వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్ళు ఒకదానితో ఒకటి ముడిపడిపోతాయి. రెండు ఫేజుల మధ్య ఉండేది 400 వోల్టులు. అది రెండిళ్ళూ పంచుకోవాలి, సమానంగా కాదు. తక్కువ కరెంటు వాడే ఇంటి మీద ఎక్కువ వోల్టేజీ పడుతుంది. ఒక బల్బు వెలిగించుకుని గాలివాన తగ్గాలని కూర్చున్న ఇంట్లోనే టీవీ, ఫ్రిజ్, ఏసీ బోర్డు కాలిపోతాయి. తీగ తెగగానే బల్బు తెల్లగా వెలిగిపోవడమో, దీపంలా మినుకుమనడమో చేస్తే ఆలోచించకుండా మెయిను దించెయ్యమన్నాడు. గుంటడి చేత రెండుసార్లు చెప్పించాడు, వాడు హిందీలో బావకు కూడా చెప్పాడు.

చలికాలం ముచ్చట కొద్దిగా. డిసెంబరు జనవరిల్లో ఇక్కడ రాత్రులు దుప్పటి మీద దుప్పటి అడుగుతాయి. అక్కది వేడి, చలి రెండూ ఇచ్చే ఏసీ. చలికాలంలో గ్యాసు దారి తిరగబడి బయటి కాయిల్ చల్లబడుతుంది, గదిలోది వేడెక్కుతుంది. అప్పుడు బయటి పెట్టె అడుగున నీరు చేరుతుంది. అడుగున ఉన్న కన్నాలను పాత బిగింపువాడు సిమెంటు చుక్కలతో మూసేశాడు. ఉస్తాద్ మేకుతో పొడిచి తెరిచాడు. ఏమీ అనలేదు, నా వైపు చూసి కాస్త నవ్వాడంతే.

పని పూర్తయ్యాక యూనిట్‌ను రెండు చేతులా పట్టుకుని, కాలు గోడకు తన్నిపెట్టి, బలంకొద్దీ లాగాడు. గుంటడి చేత లాగించాడు. నన్నూ లాగమన్నాడు. గోడే కదులుతుందేమో అనిపించింది గానీ స్టాండు కదల్లేదు. కూలి డబ్బు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని, వెళ్ళేముందు మెట్ల మీద ఆగి అక్కతో అన్నాడు: "అమ్మగారూ, తుఫాను పోయాక కరెంటు వస్తాది చూడండి, అప్పుడు తొందరపడకండి. ముందు బల్బు. నిలకడగా వెలిగితే ఫ్యాను. ఏసీ ఆఖర్న. నీళ్ళలో మునిగుంటే మాత్రం ముట్టుకోవద్దు, నాకు ఫోన్ చెయ్యండి. మెగ్గరు మీటరు పెట్టి ఇన్సులేషన్ చూడకుండా కరెంటు ఇస్తే మనిషికే ప్రమాదం."

నాలుగో రోజు రాత్రి వాయుగుండం తగిలింది. బచేలి లెక్కలో అది పెద్దదేం కాదు. అయినా రాత్రంతా కొండ మీదినుంచి గాలి అడ్డంగా కొట్టింది, జామచెట్టు కొమ్మ ఒకటి విరిగింది, పదకొండింటికి కరెంటు పోయింది. బావ చీకట్లో టార్చి పట్టుకుని ప్లగ్గు పీకి బెత్తెడు దూరం కొలిచి మరీ పెట్టాడు. వర్షం తగ్గని ఆ తెల్లవారుజామున గొడుగేసుకుని నేను వెనక్కి వెళ్ళి చూశాను. గోడ నల్లగా తడిసి ఉంది. యూనిట్ వెనక జానెడు సందులోంచి గాలి సన్నగా ఈల వేస్తూ పోతోంది. కన్నం అడుగు సందులోంచి సన్నని నీటిచార గోడ మీదికి దిగింది. స్టోర్‌రూమ్‌లో బియ్యం డబ్బా వెనక గోడ పొడిగా ఉంది.

తొమ్మిదింటికి కరెంటు వచ్చింది. బల్బు వెలిగింది, నిలబడింది. ఫ్యాను తిరిగింది. అక్క గడియారం చూస్తూ సోఫాలో కూర్చుంది. ఆగిన కంప్రెసర్‌లో ఒకవైపు గ్యాసు బిగపట్టి ఉంటుందనీ, రెండు వైపులా సర్దుకోవడానికి మూడు నిమిషాలైనా పడుతుందనీ, అంతకుముందే తిప్పితే మోటారు తిరగలేక మూలుగుతుందనీ ఆవిడకు ఉస్తాద్ చెప్పి వెళ్ళాడు. స్టెబిలైజరు ఆ ఆలస్యం తనే చేస్తుంది, అయినా అక్క దాన్ని నమ్మలేదు. పది నిమిషాలు కూర్చుంది. తర్వాత లేచి ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసింది. గోడ అవతల ఏదో మెల్లగా గొంతు సవరించుకున్నట్టు మొదలై, నెమ్మదిగా ఒక్క శ్రుతిలోకి వచ్చింది. ఎక్కడా అదురు లేదు. నేను మళ్ళీ వెనక్కి వెళ్ళాను. వైరు వంపు అడుగున ఒక చుక్క పెద్దదవుతూ వేలాడుతోంది.